పునరావాస కేంద్రంలో మనసును పట్టించుకునేవారు కావాలి

2021 నవంబరులో తిరుపతి దగ్గరి రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు కారుతోందన్న కబురు రాగానే దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. అదృష్టవశాత్తు కట్ట నిలిచింది. తెగితే ఏమయ్యేదో ఆ జనానికి తెలుసు. అంతకు కొద్దిరోజుల ముందే, 19వ తేదీ తెల్లవారుజామున, రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి పులపత్తూరు, మందపల్లి ఊళ్లను చెయ్యేరు ముంచేసింది.

ప్రభుత్వం వరద బాధిత కుటుంబాలకు 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, 2,000 రూపాయలు ప్రకటించింది. అవన్నీ కావాల్సినవే. కళ్లెదుటే అయినవాళ్లను ఏటికి పోగొట్టుకున్న మనిషికి నిద్ర పడుతోందా అన్న ప్రశ్న మాత్రం ఏ జాబితాలోనూ లేదు.

మబ్బు పడితే గుండెదడ, అర్ధరాత్రి ఉలిక్కిపాటు, తల్లి కొంగు వదలని పిల్లలు. విపత్తు తర్వాత ఇవి సహజం. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. తగ్గనివాళ్లను గుర్తుపట్టే మనిషి ఉండాలి. 1999 ఒడిశా తుపాను, 2004 సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ నిపుణులు స్థానికులకే శిక్షణ ఇచ్చి ఈ పని చేయించారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యాన్ని ప్రతి ఒక్కరి హక్కు చేసింది.

శిబిరంలో మనిషిని ఎక్కువగా కుంగదీసేది, రేపేమిటో తెలియకపోవడం. ఉదాహరణకు, తడ దాటి చెన్నై దారిలో వెళితే గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. 1983 నుంచి యుద్ధం తరిమితే తమిళనాడుకు వచ్చినవాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టి, చదివి, పెళ్లిళ్లు చేసుకున్నారు. అయినా వాళ్లలో చాలామందికి పౌరసత్వం తేలలేదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం ఈ శిబిరాలకు పునరావాస శిబిరాలని పేరు మార్చింది. మంచి పనే, కానీ ఎదురుచూపు తీరలేదు. మన వరద బాధితులది అంత పొడుగైన నిరీక్షణ కాదు. అయినా ఇల్లెప్పుడు, పరిహారమెప్పుడు అన్నది ఎవరూ చెప్పని ప్రతి రోజూ వాళ్ల ఆశను తరిగేస్తుంది. అందుకే రోజూ సాయంత్రం ఒక అధికారి కేంద్రానికి వచ్చి, తెలిసింది చెప్పి, తెలియనిది తెలియదని ఒప్పుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల విపత్తు ప్రణాళికల్లో బాధితుల మనసును పట్టించుకునే ఈ పని చేరాలి. ఈశాన్య రుతుపవనాలు రాకముందే, సెప్టెంబరులో, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఏఎన్‌ఎంలకు తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక వైద్యులతో శిక్షణ ఇప్పించాలి. ప్రతి కేంద్రంలోనూ వాళ్లలో ఒకరు ఉండాలి. జనం ఊళ్లకు తిరిగెళ్లాక ఆరు నెలలపాటు వాళ్లే ఇంటింటికీ వెళ్లి పలకరించాలి. కేంద్రం గోడ మీద మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416 పెద్దక్షరాలతో రాయాలి. వాకాడు, సూళ్లూరుపేట, రామచంద్రాపురం మండలాల గ్రామసభలు ఈ మేరకు తీర్మానాలు చేసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అందజేయాలి.