చిగురుపన్ను నాటి రంప

పందొమ్మిదో శతాబ్దపు గోదావరి జిల్లా చరిత్రను ధవళేశ్వరం ఆనకట్టతో మొదలుపెట్టడం కోనసీమ రచనల్లో స్థిరపడిన పద్ధతి. 1847లో పనులు మొదలై 1852 నాటికి రూపుదిద్దుకున్న ఆ కట్టడం అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలకు ఇచ్చిన సిరి చిన్నది కాదు. అయితే అదే జిల్లాలో, ఆనకట్టకు ఎగువన ఉన్న రంప మన్యానికి అదే ప్రభుత్వం ఏమి ఇచ్చిందన్న ప్రశ్న డెల్టా సాహిత్యంలో అరుదుగా వినిపిస్తుంది.

రంపలో కొన్ని గూడేల సముదాయాన్ని ముఠా అనీ, దాని పెద్దను ముఠాదారు అనీ, వీరందరి నుంచి కప్పం వసూలు చేసుకునే జమీందారు వంటివాణ్ణి మన్సబుదారు అనీ వ్యవహరించేవారు. ప్రజల ఇష్టానికి విరుద్ధంగా 1848లో గద్దెనెక్కిన మన్సబుదారు, తెల్లదొరల అండ చూసుకొని, ముఠాలను ఒక్కొక్కటిగా కబళించాడు. కొండరెడ్లకు, కోయలకు జీలుగు కల్లు విలాసం కాదు, కరువు నెలల్లో ఆహారం. చెట్టు గీసుకోవడానికి చెల్లించే చిగురుపన్నే భారమై ఉండగా, కొత్త అబ్కారీ నిబంధనలు కల్లును గుత్తేదారుల పరం చేశాయి, దానిపై మొదలుపన్ను పేరిట అదనపు వసూలుకు మన్సబుదారు సిద్ధమయ్యాడు. మైదానపు వర్తకులు మన్యంవాసులతో తమకు అనువైన ఒప్పందాలు రాయించుకొని, ప్రతివాది హాజరు కాకుండానే వెలువడే ఏకపక్ష డిక్రీలను దూరపు కోర్టుల్లో సంపాదించి, పశువులను, ధాన్యాన్ని జప్తు చేయించారు. ఆ జప్తులకు పోలీసులే తోడు నిలిచినందున, 1879 మార్చిలో పితూరీ, అనగా తిరుగుబాటు, రాజుకున్నప్పుడు ఠాణాలే మొదటి గురి కావడంలో ఆశ్చర్యం లేదు. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, అడ్డతీగల ఠాణాను తగలబెట్టిన ద్వారబంధాల చంద్రయ్య దానికి నాయకులు. గూడెం, రేకపల్లి సీమలకు పాకిన ఆ మంటను ఆర్పడానికి మద్రాసు పదాతి దళాలతో పాటు హైదరాబాదు కంటింజెంటు సేనను కూడా రప్పించవలసి వచ్చింది. విచారణకు వచ్చిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సల్లివన్ సైతం మన్సబుదారు దౌర్జన్యాన్ని గుర్తించాడు, మన్సబు రద్దయింది.

తర్వాత ఈ మన్యంలోనే 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరాటం తెలుగువారికి సుపరిచితం. అడవి చట్టాలు పోడు సేద్యాన్ని అడ్డుకోవడం, రోడ్డు పనుల్లో వెట్టి దానికి కారణాలు. ఆ మహావీరుని త్యాగాన్ని ఎంత కీర్తించినా తక్కువే. అయినా మైదానంలో పుట్టిన నాయకుని పేరే నిలిచి, ఆయనతో కలిసి పోరాడిన గాం గంటందొర, తర్వాత 1952లో లోక్‌సభకు ఎన్నికైన గాం మల్లుదొర అనుబంధంలో మిగలడం, 1879 నాటివారు అసలే కనిపించకపోవడం సాహిత్యలోకపు అన్యాయం. మన్యంవాసులకు తమ కష్టానికి తామే కారణం వెతుక్కొని, తామే నాయకులను ఎన్నుకొనే శక్తి సీతారామరాజు పుట్టక ముందే ఉంది.

2022 ఏప్రిల్ 4న పూర్వపు తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లా వేరుపడిన రోజే రంప మన్యంలోని రంపచోడవరం ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. పాలనా సరిహద్దు మారినా నది మారలేదు. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా ఊళ్లు వదిలిన దేవీపట్నం కొండరెడ్ల గోడు ఆ నదికి దిగువన ఉన్నవారికి పరాయిది కాకూడదు. డెల్టా చరిత్ర రాయబూనిన ప్రతివారూ ఆనకట్ట ప్రకరణం పక్కనే చిగురుపన్ను ప్రకరణాన్ని చేర్చాలని, మన్యం రచయితల రచనలకు కోనసీమ పత్రికలు పుటలు కేటాయించాలని ఈ పత్రిక కోరుతున్నది.