పాట అమ్మం, అద్దెకిస్తాం

మేం తెలంగాణలో, ఉత్తరాంధ్రలో జానపద పాటలు రాసేవాళ్లం, బాణీ కట్టేవాళ్లం, పాడేవాళ్లం, డప్పు కొట్టేవాళ్లం. పెళ్లి బరాత్‌లలో, వినాయక నిమజ్జనాల్లో మోగేవి మా పాటలే. యూట్యూబ్‌లో కోట్ల వ్యూస్ వచ్చిన పాటకు కూడా, రాసిన మనిషికి మొదటిరోజు చేతిలో పెట్టిన డబ్బే ఆఖరు. ఆ డబ్బుతో పాటు ఒక కాగితం ఇస్తారు. అది ఇంగ్లిషులో ఉంటుంది. అన్ని హక్కులూ, ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇకముందు రాబోయే మాధ్యమాలతో సహా మ్యూజిక్ లేబుల్‌కే చెందుతాయని అందులో రాసి ఉంటుంది. ఒక పక్క స్టూడియో అద్దె గంటల లెక్కన పెరుగుతుంటే, మైకు ముందు నిలబడ్డ మనిషికి దాన్ని చదివే తీరిక ఎక్కడిది?

ఇకనుంచి అలాంటి కాగితం మీద సంతకం పెట్టం.

కాపీరైట్ చట్టం చాలాకాలం మా వైపు లేదు. డబ్బిచ్చి సినిమాకు పాట చేయించుకున్న నిర్మాతే దానికి తొలి హక్కుదారు అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ గాయకుల సంగతి కూడా ఎత్తారు. పాడే మనిషికి చట్టంలో చోటే లేకపోవడం అన్యాయమనీ, పార్లమెంటు ఆలోచించాలనీ రాశారు. గాయకులకు ప్రదర్శకులుగా హక్కు దక్కింది 1994లో. 2012 సవరణ వచ్చాక గానీ అసలు మార్పు రాలేదు. సినిమా పాట అయినా, ఆల్బమ్ పాట అయినా రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయితా, సంగీత కర్తా వదులుకోవడం ఇప్పుడు చెల్లదు. వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ దాన్ని రాసివ్వలేరు. వాణిజ్యానికి వాడిన గానానికి గాయకులకూ రాయల్టీ రావాలి. అగ్రిమెంట్‌లో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షన్ చెబుతోంది. ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అన్న మాటలు ప్రతి కాగితంలోనూ కనిపించడానికి కారణం ఇదే.

లేబుళ్ల పెట్టుబడిని మేం కాదనం. రికార్డింగ్‌కు, షూటింగ్‌కు, ప్రచారానికి వాళ్లు ఖర్చు పెడతారు. లాభం తీసుకోవాల్సిందే. అందుకే పాటను గడువు పెట్టి ఇస్తాం: ఐదేళ్లకు, ఏ ఏ మాధ్యమాలకో పేరుపేరునా రాసి. గడువు తీరాక మళ్లీ మాట్లాడుకుందాం. కాగితం తెలుగులో ఉండాలి. సంతకానికి ముందు వారం రోజులు మా దగ్గర ఉండాలి. పాట మీద యూట్యూబ్ చానల్‌కు ఎంత వచ్చిందో ఆరు నెలలకోసారి లెక్క చూపాలి. ఆ లెక్కలో కోరస్ పాడినవాళ్లకూ, డప్పు కొట్టినవాళ్లకూ వాటా ఉండాలి. వాటా పంచే ఈ నియమం లేబుల్‌కే కాదు, మాకూ వర్తిస్తుంది.

పాట రూపం గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. రీల్స్‌కు సరిపోవడంలేదని చరణం కోసేస్తున్నారు. అందరికీ అర్థం కాదని పాలమూరు మాట, సిక్కోలు మాట తీసేసి పత్రికల భాష పెట్టమంటున్నారు. పాడించుకుని, చెప్పకుండా వేరే గొంతు పెట్టి విడుదల చేస్తున్నారు. మూడేళ్లపాటు ఇంకెక్కడా పాడకూడదని కట్టిపడేసి, ఆ మూడేళ్లలో ఒక్క పాటా ఇవ్వరు. ఆ గడువు తీరేసరికి గాయని గొంతు పాతబడిపోతుంది. రచయిత ఒప్పుకోకుండా మాట మార్చకూడదు. పాడిన మనిషికి చెప్పకుండా గొంతు మార్చకూడదు. పాటివ్వని లేబుల్‌కు గాయకులను ఆపే హక్కు ఉండకూడదు. గొంతును కృత్రిమ మేధకు నేర్పే షరతుకు మేం ఒప్పుకోం. 2024లో గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుకరించే ఏఐ సాధనాలను బొంబాయి హైకోర్టు అడ్డుకుంది. ఆ రక్షణ కోర్టుకెళ్లే స్తోమత లేని పల్లె గాయనికి అగ్రిమెంట్‌లోనే దొరకాలి.

ఊరుమ్మడి పాటల దగ్గర మా కోపం ఎక్కువ. నాట్లేస్తూ అమ్మమ్మలు పాడిన పాటను, బతుకమ్మ చుట్టూ తరతరాలుగా తిరుగుతున్న పాటను ఒక లేబుల్ రికార్డు చేస్తుంది. రేపు అదే పాటను ఇంకో అమ్మాయి తన ఫోన్‌లో పాడి పెడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. లేబుల్‌ది ఆ రికార్డింగ్ ఒక్కటే. బాణీ, మాట ఊరివి. ఇలాంటి క్లెయిమ్ ఎవరికి వచ్చినా మేమంతా కలిసి సవాలు చేస్తాం. మేమూ ఊరి పాటను సొంత పేరుతో నమోదు చేసుకోం. ఎవరి దగ్గర నేర్చుకున్నామో, ఏ ఊళ్లో విన్నామో వీడియో కింద రాస్తాం. నేర్పిన మనిషి బతికి ఉంటే వచ్చిన దాంట్లో వాటా ఇస్తాం.

ఈ ప్రణాళికతో ఏకీభవించేవాళ్లు తమ పాత అగ్రిమెంట్ నకలు ఒకటి తెచ్చివ్వాలి. కాగితమే ఇవ్వకుండా పాడించుకుని ఉంటే ఆ సంగతి రాసివ్వాలి. రాతపూర్వకంగా, సంతకంతో లేని హక్కుల బదిలీ చట్టం ముందు నిలవదు. అన్నిటినీ ఒకచోట పెట్టి న్యాయవాదులతో చదివించి, చెల్లని షరతుల మీద ఒక్కో లేబుల్‌కూ అందరి సంతకాలతో లేఖ పంపుతాం. జవాబు ఇచ్చేదాకా ఆ లేబుల్‌కు మాలో ఎవరమూ కొత్త పాట పాడం, రాయం, కొట్టం.