పాత ఊరికి ఫోను, కొత్త ఊరికి మనం

మన విద్యాలయంలో సీటు ఇచ్చేటప్పుడు అమ్మకో నాన్నకో గత ఏడేళ్ళలో ఎన్ని బదిలీలు అయ్యాయో లెక్క చూస్తారు. మనలో చాలామందికి పదో తరగతికి వచ్చేలోపే మూడు నాలుగు ఊళ్ళు అయిపోతాయి. ఊరు మారినప్పుడల్లా బెంచీ మారుతుంది, పక్కన కూర్చునే స్నేహితుడు మారతాడు, వీధిలో వినిపించే భాష మారుతుంది. పుస్తకాలు మాత్రం అవే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. వాటిలాగే మారకుండా మన వెంట వచ్చేది ఇంకొకటి ఉంది, ఫోను.

అందుకే టీనేజీ పిల్లల చేతిలో ఫోనే ఉండకూడదన్న వాదన మన విషయంలో సగమే నిజం. విశాఖపట్నంలో వదిలి వచ్చిన స్నేహితురాలితో మాట్లాడాలన్నా, వరంగల్‌లో ఉన్న తాతయ్య ముఖం చూడాలన్నా, వేరే ఊళ్ళో పోస్టింగు పడిన నాన్నకు రిపోర్టు కార్డు చూపించాలన్నా ఫోనే దారి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ వెళ్ళడం ఏడాదికి ఒకసారి కుదిరితే గొప్ప. ఇంత మేలు చేసే వస్తువును శత్రువు అనడం న్యాయం కాదు.

అయితే నా అభిప్రాయం ఇది. ఫోను మనల్ని పాత ఊరితో కలిపి ఉంచాలి కానీ, కొత్త ఊరికి కనబడకుండా దాచిపెట్టకూడదు. బదిలీల మీద తిరిగే పిల్లలకు అసలు ప్రమాదం ఈ రెండోదే.

కొత్త బడిలో మొదటి నెల ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకు అప్పటికే జట్లు ఉంటాయి. వాళ్ళు గుజరాతీలో జోకు వేసుకుని నవ్వుతుంటే మనకు అర్థం కాదు. సాయంత్రం కాలనీ గ్రౌండులోకి వెళ్ళి నన్నూ ఆడనిస్తారా అని అడగాలంటే మొహమాటం. గదిలో కూర్చుని రీల్స్ చూడటానికి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. నిజానికి ఆ మొహమాటం రెండు మూడు వారాలు ఉండి పోయేదే. ఫోను తోడుంటే దాన్ని దాటాల్సిన అవసరమే రాదు కాబట్టి రెండేళ్ళయినా అలాగే ఉండిపోతుంది.

పైగా ఆ రీల్స్‌కు చివరంటూ లేదు. వార్తాపత్రికకు ఆఖరి పేజీ ఉంటుంది, సినిమాకు శుభం కార్డు ఉంటుంది. వేలితో జరిపేకొద్దీ వస్తూనే ఉండే పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే అమెరికన్ డిజైనర్ రూపొందించాడు. మనుషులు తెరకు ఎలా అతుక్కుపోతున్నారో చూసి, తర్వాత ఆయనే బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. ఒక వీడియో అవగానే ఇంకొకటి దానంతటదే మొదలవడం, ఊరికే నోటిఫికేషన్ మోగడం, ఒక్కరోజు పంపకపోయినా స్నాప్‌చాట్‌లో స్ట్రీక్ తెగిపోవడం, ఇవన్నీ మనం లేచి వెళ్ళకుండా ఉండేందుకు పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు ఆలోచించి చేసిన ఏర్పాట్లు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు వాటి ముందు ఓడిపోతే, వీడికి బుద్ధి లేదని తిట్టి ప్రయోజనం లేదు.

మరి నిషేధిస్తే సరిపోదా? మన గుజరాత్‌లోనే ఆ ప్రయత్నం జరిగింది. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్‌జీని నిషేధించి, ఆడుతూ దొరికిన కొందరు యువకులను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం భద్రతా కారణాలతో దేశమంతటా ఆ ఆటను ఆపేసింది. మరుసటి ఏడాదే అది బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది. 2022లో దాన్నీ ఆపారు. 2023 మేలో, 18 ఏళ్ళలోపు వాళ్ళకు రోజుకు మూడు గంటల పరిమితితో మళ్ళీ వచ్చింది. టిక్‌టాక్‌ను 2020 జూన్ 29న నిషేధిస్తే, పది రోజులు తిరగకముందే మన దేశంలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మొదలైంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ళలోపు వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలను ఆపింది. చట్టాలు అవసరమే. కానీ ఒక యాప్ పోయిన చోట ఇంకో యాప్ వచ్చి కూర్చుంటే అలవాటు అలాగే ఉంటుంది. ఖాళీ అయిన ఆ గంటలో ఏం చేయాలో చట్టం చెప్పదు.

ఆ జవాబు కోసం ఈ సూరత్‌లోనే ఉన్న తెలుగువాళ్ళను చూడవచ్చు. లింబాయత్ వైపు వెళితే వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడ ఉంటున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. మొదట వచ్చినవాళ్ళకు సొంత ఊరితో సంబంధమంటే ఉత్తరాలూ, ఎప్పుడో ఒక రైలు ప్రయాణమూ. అయినా ఇంట్లో తెలుగు నిలుపుకున్నారు, బయట గుజరాతీ, హిందీ నేర్చుకున్నారు. సొంత ఊరు గుర్తుండాలంటే ఉన్న ఊరికి పరాయిగా బతకనక్కర్లేదని వాళ్ళను చూస్తే తెలుస్తుంది. చేతిలో ఫోను కూడా ఉన్న మనకు అది ఇంకా తేలిక కావాలి.

అందుకు నాకు తోచిన అలవాట్లు నాలుగే.

మొదటిది, పాత స్నేహాన్ని గ్రూపులో కాకుండా కాల్‌లో నిలుపుకోవడం. పాత తరగతి గ్రూపులో రోజంతా మీమ్స్ చూసినా ఎవరు ఎలా ఉన్నారో తెలియదు. ఆదివారం సాయంత్రం అరగంట ఒక్కరితో మాట్లాడితే తెలుస్తుంది.

రెండోది, సాయంత్రం ఆడుకునే వేళ ఫోను ఇంట్లో, మనం బయట. సెలవు రోజున ఊరు చూడాలి. ఘోడ్‌దోడ్ రోడ్డులో నర్మద్ గ్రంథాలయం ఉంది, కతార్‌గామ్‌లో డచ్చివాళ్ళ పాత సమాధులు ఉన్నాయి, చలికాలంలో మన ఊచబియ్యం లాంటి పోంక్ దొరుకుతుంది. మన సంక్రాంతి నాడే ఇక్కడ ఉత్తరాయణ్. ఆ రోజు డాబా ఎక్కి, పక్కింటి పిల్లలతో కలిసి ఒక్కసారి ‘కాయ్‌పో ఛే’ అని అరిస్తే నెలల మొహమాటం ఎగిరిపోతుంది.

మూడోది, రాత్రి ఛార్జరు హాల్లో ఉండాలి, మంచం పక్కన కాదు. పొద్దున్నే లేవడానికి అలారం కావాలంటే ఒక గడియారం కొనుక్కుంటే చాలు.

నాలుగోది, ఆటోప్లే ఆపేసి, నోటిఫికేషన్లు తగ్గించుకోవడం. మనుషులు పిలిస్తే ఫోను మోగాలి, కంపెనీలు పిలిస్తే మోగకూడదు.

పెద్దవాళ్ళకు కూడా ఒక మాట. ఈ నియమాలు ఇంటిల్లిపాదికీ ఉంటేనే నిలుస్తాయి. డ్యూటీ ఫోను వస్తే తీయక తప్పదని మాకు తెలుసు. గుడ్‌మార్నింగ్ మెసేజీలు మాత్రం భోజనం అయ్యేదాకా ఆగగలవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అనుమతి అంటే ఓటీపీ చెప్పేయడం మాత్రమే కాకూడదు. ఆ యాప్ ఏమిటో, అందులో మేం ఎవరితో మాట్లాడుతున్నామో పక్కన కూర్చుని అడగండి. కొత్త ఊళ్ళో ఒంటరిగా ఉన్నప్పుడు, ఆటలో పరిచయమైన అపరిచితుడు కూడా ఆత్మీయుడిలా కనిపిస్తాడు. ఏదైనా తేడా జరిగితే, ఫోను లాక్కుంటారనే భయం లేకుండా మీకు చెప్పగలగాలి. ఇంట్లో చెప్పలేని పిల్లలకు 1098 హెల్ప్‌లైన్ ఉందని కూడా అందరికీ తెలియాలి.

ఇంకో రెండేళ్ళకో మూడేళ్ళకో మళ్ళీ బదిలీ ఉత్తర్వు వస్తుంది. సామాను కట్టేటప్పుడు, ఈ ఊళ్ళో వదిలి వెళ్ళడానికి మనసొప్పని మనుషులు కొందరైనా మనకు ఉండాలి. వాళ్ళ నంబర్లు మన ఫోనులో ఉండాలి. తర్వాతి ఊళ్ళో ఆదివారం సాయంత్రం మనం కాల్ చేయాల్సింది వాళ్ళకే.