ఛాంబర్ పలిగింది, టికెట్ క్లోజ్ అయింది

మన ఫీల్డులో అందరం అనే మాట ఒకటుంది. "ప్రస్తుతానికి నడుస్తోంది కదా, తర్వాత చూద్దాం." ఈ మాట ఎప్పుడూ అననివాళ్ళు, అన్నాక తీరిగ్గా ఏడవనివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకో నమస్కారం, ఇక్కడితో ఆగిపోవచ్చు. మిగతావాళ్ళకి మా పాత కారు సంగతి చెప్తాను. చివర్లో నాదో అభిప్రాయం ఉంది, ఈ సోదంతా దానికోసమే.

మాది 2010 మోడల్ పెట్రోలు బండి. ఏ కంపెనీయో చెప్పను, ఇందులో తప్పు కంపెనీది కాదు, నాది. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు సెకండ్ హ్యాండులో కొన్నాను. పేరుకి నాదే గానీ బండి మా బాపుది. ఆయన ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అన్నేళ్ళు స్టీరింగు పట్టిన మనిషికి ఇంట్లో సొంత బండి అదే మొదటిది. 2025లో బండికి 15 ఏళ్ళు నిండితే "అమ్మేద్దాం బాపూ, పాతదైంది" అన్నాను. "నాకూ నిండినయి ఏండ్లు. నన్నూ అమ్ముతవా?" అన్నాడు. నోరు మూసుకుని 5000 ఫీజు కట్టి (2022 ఏప్రిల్‌కి ముందు ఇది 600 ఉండేది) ఇంకో అయిదేళ్ళకి ఆర్.సి. రెన్యూ చేయించాను.

ఇక అసలు విషయానికొస్తే, 2025 ఆగస్టులో ఒక రాత్రి ఆఫీసు నుంచి వస్తున్నా. వాన. నాచారం దగ్గర రోడ్డు మీద మోకాలి లోతు కాకపోయినా పిక్కల దాకా నీళ్ళు. ముందు బండి వెళ్ళింది కదా అని నేనూ పోనిచ్చాను. మన ఊళ్ళో మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు కంటే అయితే గుంటలో ఉంటాయి, లేకపోతే గద్దెలా పైకుంటాయి. నీళ్ళలో ఏది ఏదో తెలీదు. కింద ఢామ్మని తగిలింది. బండి ఆగలేదు, లైట్లేమీ వెలగలేదు. ఇంటికొచ్చేశా. పొద్దున చూస్తే పార్కింగులో పళ్ళెమంత నల్లటి మరక.

మా వీధి చివర మెకానిక్ అన్న బండి కింద దూరి, బయటికి వచ్చి ఒకే మాట అన్నాడు. "సార్, ఛాంబర్ పలిగింది."

ఛాంబర్ అంటే పుస్తకాల్లో ఆయిల్ సంప్, అమెరికా వాళ్ళ భాషలో ఆయిల్ ప్యాన్. ఇంజను అడుగున ఉండే తొట్టి. ఇంజన్ ఆయిలు మొత్తం (మా బండికి మూడున్నర లీటర్లు) అందులోకే దిగుతుంది. జల్లెడ ఉన్న ఒక గొట్టం ఆ తొట్టి అడుగుదాకా వేలాడుతూ ఉంటుంది. పంపు ఆ గొట్టంతో ఆయిలు పీల్చి, క్రాంక్ బేరింగుల దగ్గర్నుంచి పైన క్యామ్ షాఫ్టు దాకా పంపిస్తుంది. తొట్టి కొన్ని బళ్ళకి ఇనప రేకుతో చేస్తారు, కొన్నిటికి అల్యూమినియంతో పోత పోస్తారు. రేకుదైతే దెబ్బకి సొట్ట పడుతుంది. అల్యూమినియంది వంగదు, పగులుతుంది. మాది రెండో రకం. డ్రెయిన్ నట్టు పక్కన వేలెడంత సన్నటి పగులు.

నేను ఇంజనీరింగ్ చదివాను. మొదటి సంవత్సరం వర్క్‌షాపులో ఫిట్టింగు, కార్పెంటరీ, పోత పని అన్నీ ఉన్నాయి. రికార్డు అందంగా రాసి మార్కులు కొట్టాను. అల్యూమినియం పోత దెబ్బకి పగులుతుందన్న సంగతి మాత్రం మొదటిసారి ఈ అన్న దగ్గరే వేలు పెట్టి తడిమి చూశాను :-)

అన్న లెక్క చెప్పాడు. కొత్త ఛాంబర్ 4800, ఆయిలు 1900, ఫిల్టరు 250, సిలికాన్ సీలెంటు 300, లేబరు 1500. మొత్తం 8750. పార్టు రావడానికి రెండు రోజులు, బిగించాక ఒక రాత్రి ఆగాలి, అంటే మూడో రోజు బండి చేతికొస్తుంది. సర్వీస్ సెంటరుకి ఫోన్ చేస్తే దీనికి దాదాపు రెట్టింపు చెప్పారు, అదీ వారం తర్వాత స్లాటు. ఇన్సూరెన్సు సంగతి అడగొద్దు, పాత బండి కదాని థర్డ్ పార్టీ మాత్రమే కట్టాను.

అప్పుడు నేనేమన్నానో చెప్తే సిగ్గుచేటు, కానీ చెప్పాలి. "నాలుగు బోల్టులు విప్పి బిగించడానికి పదిహేను వందలా అన్నా?" అన్నాను. అంతకు రెండు రోజుల ముందే మా క్లయింటు కాల్‌లో "ఒక్క బటన్ పెట్టడానికి రెండు వారాలా?" అంటే మ్యూట్‌లో పెట్టి తిట్టుకున్న మనిషిని నేనే.

ఇంకో మాట కూడా అన్నాను. "రేపు మాకు రిలీజ్ ఉందన్నా, మూడు రోజులు కుదరదు. ఇవాళ్టికి ఏదో ఒకటి చేసెయ్."

అన్న చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి ఆయిలు దించి, పగులు చుట్టూ గీకి, థిన్నరుతో తుడిచి, రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పెట్టాడు. ఆయిలుతో కలిపి రెండు వేల చిల్లర అయింది. తాళం ఇస్తూ అన్నాడు, "గిది దవా కాదు సార్, పట్టీ. పగుల్ల ఇంక ఆయిల్ ఉంటది, మెల్లగ ఊడగొడ్తది. పది రోజులల్ల తీసుకరా, పార్టు తెప్పించి పెడ్త. అప్పటిదాంక సిటీలనే తిప్పు, హైవే ఎక్కకు."

సరే సరే అన్నాను. ఇంటికెళ్ళాక బాపు అడిగాడు, "ఏమైందిరా బండికి?" "ఛాంబర్ పలిగింది, చేయించిన" అన్నాను.

చేయించిన. ఆ ఒక్క మాట మీదే ఇదంతా రాస్తున్నాను.

రిలీజ్ అయింది. తర్వాత ఇంకో రిలీజ్ వచ్చింది. పార్కింగులో మరక లేదు కాబట్టి నా బుర్రలో కూడా ఆ పగులు లేదు. మెకానిక్ అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు, పార్టు వచ్చిందని. "వచ్చే వారం అన్నా" అన్నాను. ఆరు వారాలు గడిచాయి.

సెప్టెంబరు చివర్లో సద్దుల బతుకమ్మకి అమ్మ, బాపు ఊరికి బయల్దేరారు. మాది జనగామ అవతల. నేను పని చూసుకుని మర్నాడు బస్సులో వస్తానన్నాను. సాయంత్రం ఏడున్నరకి బాపు ఫోన్. "ఆలేరు దాటినం. ఎర్రలైటు పడ్డది, ఆయిల్‌ది. బండి పక్కకు పెట్టిన. కిందంత నూనె కారుతున్నది. చేయించిన అంటివి గదరా?"

డ్యాష్‌బోర్డు మీద అల్లావుద్దీన్ దీపంలాంటి ఎర్ర బొమ్మ ఒకటుంటుంది. చాలామంది దాన్ని "ఆయిలు తక్కువైంది, పోయించాలి" అనే గుర్తు అనుకుంటారు. మామూలుగా అది చెప్పేది ఆయిలు మట్టం సంగతి కాదు, ప్రెషర్ సంగతి. తొట్టిలో ఆయిలు ఆ గొట్టం కిందికి దిగి, పంపు గాలి పీల్చడం మొదలెట్టాక వెలుగుతుంది. అంటే అప్పటికే బేరింగుల మధ్య ఉండాల్సిన ఆయిలు పొర తెగిపోతూ ఉంటుంది. లోహం మీద లోహం రుద్దుకుంటుంది. "ముందు బంకు దాకా పోదాం" అనుకుంటే ఆ కాస్త దూరంలోనే ఇంజను పట్టేయొచ్చు. హైవే మీద, చీకట్లో, వెనక లారీలు వస్తుండగా ఇంజను పట్టేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ముందు సీట్లో అమ్మ, ఒళ్ళో పూల సంచీ.

బాపు స్థానంలో నేనుంటే కచ్చితంగా బంకు దాకా పోనిచ్చేవాణ్ణి. ఆయన లైటు చూడగానే న్యూట్రల్ చేసి, ఇంజను ఆపి, ఉన్న ఊపుతో పక్కకి తీశాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆ కొద్ది సెకన్లలో పనికొచ్చింది. నా ఇంజనీరింగ్ డిగ్రీ మాత్రం ఆ రోజు ఎక్కడా పనికి రాలేదు.

నేను చేసిన మొదటి పనేంటో తెలుసా? మెకానిక్ అన్నకి ఫోన్ చేసి అరిచాను. ఆయన అంతా విని, "నేను ఏం చెప్పిన సార్? పట్టీ అని చెప్పిననా, లేదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన అంతటితో వదిలేసి, తెలిసిన బండి మాట్లాడి, ఆ రాత్రికే కారుని ఎక్కించి షెడ్డుకి తెప్పించాడు. అమ్మ, బాపు ఇంకో కారెక్కి ఊరు చేరారు.

మర్నాడు ఊరికి వెళ్ళేముందు షెడ్డులో కూర్చుని పని మొత్తం చూశాను. నాలుగు బోల్టులన్నాను కదా, లెక్కపెడితే డజనుకి పైనే ఉన్నాయి. అన్నీ విప్పినా ఛాంబర్ ఊడి రాదు, పాత సీలెంటు పట్టుకుని ఉంటుంది. స్క్రూడ్రైవరు పెట్టి తన్నితే ఇంజను బ్లాకు అంచు మీద గాటు పడుతుంది, ఆ గాటులోంచి జీవితాంతం లీకే. పల్చటి బ్లేడు పెట్టి చుట్టూ కొంచెం కొంచెం కోస్తూ వచ్చాడు. ఊడాక జల్లెడ విప్పి, తెల్ల గుడ్డ మీద దులిపి లైటు వేసి చూశాడు. బేరింగు అరిగి ఉంటే అక్కడ మెరిసే రజను కనపడాలట. కనపళ్ళేదు. నాకు ఊపిరి వచ్చింది.

తర్వాత ముప్పావుగంట ఏం చేశాడంటే, పాత సీలెంటు గీకడం, తుడవడం. అంతే. చూసేవాడికి పని జరుగుతున్నట్టే అనిపించదు. "గీ తుడుసుడే అసలు పని సార్. బిగించుడు ఎవరైనా బిగిస్తరు" అన్నాడు. ఆయిలు చెమ్మ రవ్వంత ఉన్నా సీలెంటు పట్టదు. అప్పుడు కొత్త ఛాంబర్ అంచు మీద సీలెంటు సన్నటి గీతలా, ఎక్కడా తెగకుండా, బోల్టు రంధ్రాలకి లోపలి వైపుగా తిప్పాడు. ఎక్కువ పెడితే లోపలికి ఉబ్బి, ముక్కలు ఊడి జల్లెడకి అడ్డం పడతాయి. బోల్టులన్నీ ముందు చేత్తో, తర్వాత మధ్యనుంచి చివర్లకి, ఒకటి ఇటు ఒకటి అటు, రెండు మూడు విడతల్లో బిగించాడు. బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియంలో మరలు తెగిపోతాయి. ఆ తర్వాత చేతులు కడుక్కుని "రేపు" అన్నాడు. సీలెంటు గట్టిపడాలి, అప్పుడే ఆయిలు. ఈసారి నేను ఏ రిలీజ్ సంగతీ ఎత్తలేదు. సీలెంటుకి మా మేనేజరు ఎవరో తెలీదు.

నేను ఊళ్ళో ఉండగానే మర్నాడు ఆయిలు పోసి, స్టార్ట్ చేసి, ప్రెషర్ గేజీ పెట్టి, ఆ రీడింగు ఫొటో తీసి పంపాడు. ఇంజను బతికింది. పదిహేను వందల లేబరు తగ్గించమని నేనడగలేదు. ఆయన పెంచనూ లేదు.

ఇక నా అభిప్రాయం. పట్టీ వేయడం తప్పు కాదు. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే మనమూ పట్టీనే వేస్తాం, వెయ్యాలి కూడా. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పట్టీ వేసి "ఫిక్స్‌డ్" అని రాసేచోట. మెకానిక్ అన్న తన పని పద్ధతిగానే చేశాడు. ఏం చేశాడో, ఎన్నాళ్ళు ఆగుతుందో, ఏం చెయ్యకూడదో మూడూ చెప్పాడు. ఆ మూడు మాటలు నడిపే మనిషిదాకా చేరకుండా మధ్యలో మింగేసింది నేను. పట్టీ సంగతి తెలిసి ఉంటే బాపు ఆ బండిని హైవే ఎక్కించేవాడే కాదు. రోడ్డు మీద ఉండేవాళ్ళకి ఒకటి తెలిసి, షెడ్డులో ఉన్నవాళ్ళకి ఇంకోటి తెలిసి ఉండటం కంటే ప్రమాదం లేదు. మన ప్రాజెక్టుల్లో సపోర్ట్ టీముకి చెప్పకుండా వదిలేసిన "టెంపరరీ" స్క్రిప్టులు ఎన్నున్నాయో లెక్కపెడితే నా మాట అతిశయోక్తి అనిపించదు.

"పాత బళ్ళు ఇంతే, అందుకే స్క్రాప్‌కి ఇచ్చెయ్యాలి" అని మా ఆఫీసులో ఒకరన్నారు. 2021లో వచ్చిన స్క్రాపేజ్ పాలసీ మీద నాకు పేచీ ఏమీ లేదు, ఫిట్‌నెస్ లేని బండి రోడ్డెక్కకూడదు. కానీ కొత్త బండి ఛాంబరైనా ఆ మ్యాన్‌హోల్‌కి పగిలేదే. పాతబడింది బండి అనేస్తే నా అబద్ధం ఆ లెక్కలో కలిసిపోతుంది. అదీ సంగతి.

బాపుకి అంతా చెప్పాను. తిడతాడనుకున్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మా డిపోల బండి ఆగమైతే లాగ్ షీట్ల రాసేటోళ్ళం. మెకానిక్ సంతకం పెట్టనిది బండి గేటు దాటకపోయేది. నువ్వు నా చేతికి బండి ఇచ్చినవ్, కాయితం ఇయ్యలే" అన్నాడు.

ఇప్పుడు గ్లవ్ బాక్సులో ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ ఉంది. బండికి ఏం చేయించినా తేదీ వేసి రాస్తున్నాను. పట్టీ అయితే పట్టీ అనే రాస్తున్నాను. మొదటి పేజీలో ఆగస్టు ఎంట్రీ కూడా ఉంది, ఆలస్యంగా రాసినదే అయినా.

మీ దగ్గర ఇలాంటి పట్టీలు ఎన్నున్నాయి? నడిపేవాళ్ళకి చెప్పారా మరి?