ఎండాకాలమని గాలి తగ్గించొద్దు, కొలిచి కొట్టమని అడుగుదాం

కర్నూలు, నంద్యాల, కడపల్లో ఏ పంక్చర్ షాపు పక్కనైనా పాత టైర్ల కుప్ప ఉంటుంది. బండి నడిపే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక్కసారి ఆగి ఆ కుప్పను చూడాలి. కొన్ని టైర్లు నడుమ పలకలా చదునై ఉంటాయి, అంచుల్లో గీతలు మాత్రం కొత్తవాటిలా నిలిచి ఉంటాయి. కొన్నింటికి రెండంచులూ బోడి, నడుమ గీతలు బాగానే ఉంటాయి. కొన్నింటిని అరచేత్తో తడిమితే రంపపు పళ్లలా గరగరలాడతాయి. రబ్బరు ఇంకా మిగిలుండగానే పారేసిన టైర్లివి. ఎండలు, రోడ్లు ఇంతేనని మనం సరిపెట్టుకుంటున్నాం. నంద్యాల నుంచి మైదుకూరు దాకా తిన్నటి రోడ్డు మీద రోజూ తిరిగితే నడుమ కాస్త ఎక్కువ అరుగుతుంది, నిజమే. కానీ రెండంచులే బోడి కావడం తక్కువ గాలి పని. నడుమ మరీ తొందరగా చదునైతే ఎక్కువ గాలిని అనుమానించాలి. రంపపు పళ్లు కనిపిస్తే షాకులు, కోన్ సెట్ చూపించుకోవాలి.

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేస్తున్నది ఒక నమ్మకం: ఎండాకాలం టైరు పేలుతుంది కాబట్టి గాలి తగ్గించాలని. వేడికి గాలి వ్యాకోచిస్తుందన్నంత వరకు ఆ మాట సరైందే. అయితే ఎంత? 28 పాయింట్ల గాలి ఉన్న టైరు 10 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది ఒకటిన్నర పాయింటు. ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే బండి కంపెనీ చల్లటి టైరుకు ఇంత అని నిర్ణయిస్తుంది. గాలి తగ్గిస్తే జరిగేది వేరు. ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి, వంచిన చోట వేలు పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. గాలి తక్కువైన టైరు పక్కగోడలు చక్రం తిరిగిన ప్రతిసారీ అలాగే వంగి లేస్తాయి. వెనక బుడ్డల మూటో, రెండు పాల క్యాన్లో ఉంటే ఇంకా ఎక్కువ వంగుతాయి. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, కాలిన తారు మీద, ఆ వేడి లోపలి నుంచి కూడా పుడుతుంది. పేలుతుందన్న భయంతో చేసే పనే టైరును పేలడానికి దగ్గర చేస్తోంది.

ఇంకొకటి, కంప ముళ్లు. పొలం దారుల్లో తరచూ పంక్చరవుతుంది, వెనక చక్రం విప్పుతారు, బిగించేటప్పుడు తొందర. చైన్ అడ్జస్టర్ దగ్గర రెండు పక్కలా గీతలుంటాయి. ఒక పక్క మూడో గీత మీద, ఇంకో పక్క నాలుగో గీత మీద ఇరుసు నిలిస్తే చక్రం వంకరగా పరిగెత్తుతుంది, టైరు ఒకవైపే తింటుంది, చైనూ తొందరగా పోతుంది. డబ్బులిచ్చే ముందు వంగి రెండు పక్కలా గీతలు లెక్కపెట్టండి. అరనిమిషం పని.

బొటనవేలితో నొక్కితే తెలిసిపోతుందని అనుభవమున్న వాళ్లంటారు. పూర్తిగా దిగిన టైరు వేలికి తెలుస్తుంది. 20కీ 28కీ తేడా తెలియదు, టైరును తినేది ఆ తేడానే. బంకులో రద్దీ ఉంటుంది, అక్కడి కుర్రాడు ఎంతమందికని కొలుస్తాడని ఇంకొందరంటారు. అతని మీద నెపం వేయడం న్యాయం కాదు, చేతికి పనిచేసే మీటరు ఇవ్వకుండా అతణ్ణి అడిగి లాభం లేదు. గాలి ఉచితంగా ఇవ్వడం బంకుల బాధ్యతని ఆయిల్ కంపెనీల నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి మూడు జిల్లాల్లోనూ ప్రతి బంకులో సరైన మీటరు ఉండాలని, బండి మీద అంటించిన స్టిక్కరు చూసి ముందు చక్రానికి, వెనక చక్రానికి వేరువేరుగా, ఒక్కరికీ ఇద్దరికీ వేరుగా కొట్టాలని మనం గట్టిగా అడగాలి. రెండు చక్రాల బండికి గీతల లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలున్నాయి. బోడి టైరుకు జరిమానా వేసే అధికారులు బంకుల్లో మీటర్లనూ తనిఖీ చేయించాలి.

వారానికోసారి, పొద్దున్నే, బండి ఎక్కువ దూరం నడవకముందు కొలిపించండి. మీటరు పనిచేయకపోతే బంకులో ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది. అడిగి తెప్పించుకుని, తేదీ వేసి, రాసి సంతకం పెట్టండి.