గజిబిజి మొదటి రాత్రి
అమెరికన్ టీవీ కామెడీ షో ‘సాటర్డే నైట్ లైవ్’ మొదటి ఎపిసోడ్ మళ్లీ చూశాను. 1975 అక్టోబరు 11న న్యూయార్క్‌లోని స్టూడియో 8హెచ్ నుంచి లైవ్‌గా వెళ్లింది. అప్పటికింకా ఆ పేరు కూడా పెట్టలేదు. హోస్టు జార్జ్ కార్లిన్ ఒక్క స్కిట్‌లోనూ ఉండడు. మధ్యమధ్య వచ్చి తన మాటలు తాను చెప్పి పోతాడు. అంతా అతుకులబొంతే. నాకైతే ఆ గజిబిజే నచ్చింది. కమెడియన్ ఆండీ కాఫ్‌మన్‌నే చూడండి. గ్రామఫోన్‌లో మైటీ మౌస్ కార్టూన్ పాట మోగుతుంటే పక్కన బిక్కమొహంతో నిలబడతాడు. అందులో ఒకే ఒక్క లైను రాగానే చెయ్యెత్తి, మహావీరుడిలా పెదాలు కదుపుతాడు. వెంటనే మళ్లీ బిక్కమొహం. నడుమ తాపీగా నీళ్లు తాగుతాడు! ఎంత ధైర్యం! మన టీవీ కామెడీ షోల్లోనైతే ఆ ఖాళీ నిండా పగలబడి నవ్వే జడ్జీల మొహాలే వేసేవాళ్లు.