ప్రేమ నవల రాసిన చేతికి ఒక నమస్కారం

జర్మనీలో ఏ పెద్ద రైల్వే స్టేషన్‌కైనా వెళ్లి, పత్రికలమ్మే దుకాణం ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. రాజకీయాల వారపత్రికలు, కార్ల పత్రికలు, వంటల పత్రికలు వరుసగా ఉంటాయి. వాటి పక్కన, కాస్త కింది అరలో, అరవై నాలుగు పేజీల పల్చని పుస్తకాలు కనిపిస్తాయి. అట్ట మీద ఒక అందమైన జంట, వెనుక ఒక కోటో, కొండో, సరస్సో! వీటిని ఇక్కడివారు 'హెఫ్ట్ రొమాన్' అంటారు. ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేసిన మన డాక్టర్లకు ఇవి కొత్త కాదు. నర్సుల గదిలో కాఫీ కప్పుల మధ్య ఒకటో రెండో పడి ఉంటాయి. పెద్ద చదువులు చదివినవారు వీటిని చూసి ముసిముసిగా నవ్వుతారు. మన దగ్గర 'ఆడవాళ్ల నవలలు' అనే మాటను ఏ గొంతుతో అంటారో, ఇక్కడ సరిగ్గా ఆ గొంతుతోనే వీటి పేరు ఎత్తుతారు.

ఆ నవ్వు గురించే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రేమ నవలలు రాసినవారిని వెక్కిరించేటప్పుడు మనం తెలిసో తెలియకో వెక్కిరిస్తున్నది, రోజంతా చాకిరీ చేసి రాత్రి ఒక గంట తనకంటూ మిగుల్చుకుని చదువుకున్న ఆడమనిషిని. ఆ ఆడమనిషి చాలామందికి సొంత తల్లే అయి ఉంటుంది.

ఈ రకం నవలలకు జర్మనీలో మహారాణి అనదగినావిడ ఒకరున్నారు. పేరు హెడ్విగ్ కూర్ట్స్-మాలర్. 1867 ఫిబ్రవరి 18న, ఉన్‌స్ట్రుట్ నది ఒడ్డున నెబ్రా అనే చిన్న ఊళ్లో పుట్టారు. కంచు యుగం నాటి ఆకాశ ఫలకం దొరికింది ఆ ఊరి దగ్గరే కనుక ఊరి పేరు కొందరైనా విని ఉంటారు. తల్లికి పెళ్లి కాలేదు. తండ్రి నదిలో పడవ నడిపే మనిషి, బిడ్డ పుట్టకముందే పోయాడు. పసిపిల్ల పరాయి ఇళ్లలో పెరిగింది. వైసెన్‌ఫెల్స్‌లో బిర్క్‌నర్ అనే చెప్పులు కుట్టే దంపతుల ఇల్లు వాటిలో ఒకటి. బడి చదువు కొద్ది ఏళ్లతోనే సరి. తర్వాత లైప్‌జిగ్ నగరంలో ఇళ్లలో పనికి కుదిరారు. అక్కడ ఒక పెద్దావిడకు పుస్తకాలు చదివి వినిపించడం కూడా ఆవిడ పనిలో భాగమైంది.

ఆ రోజుల్లో ఇంటింటా చదివే వారపత్రిక 'గార్టెన్‌లౌబె'. 1870లలో దాని ప్రతులు మూడున్నర లక్షలు దాటాయంటే ఆ ఆదరణ ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆ ఆదరణ వెనుక ఒయిగేనీ మార్లిట్ అనే రచయిత్రి ఉన్నారు. ఈవిడ కచ్చేరీలు చేసే గాయని. చెవులు వినపడకుండా పోయి పాట మానుకోవలసి వచ్చి, కలం పట్టారు. 1866లో ఆ పత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆవిడ నవల 'గోల్డ్ ఎల్జె' కోసం జనం ఎదురు చూశారు. పనిపిల్లగా ఉన్న హెడ్విగ్‌కు కథ చెప్పే విద్య అబ్బింది ఇలాంటి పుస్తకాల నుంచే. పదిహేడో ఏట తొలి కథ అచ్చయింది.

కానీ అదృష్టం వెంటనే తలుపు తట్టలేదు. 1889లో ఫ్రిట్స్ కూర్ట్స్ అనే అలంకరణ చిత్రకారుణ్ణి పెళ్లాడారు. అత్తింటి పేరు, పుట్టింటి పేరు కలిపితే వచ్చిందే కూర్ట్స్-మాలర్. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. కెమ్నిట్స్ నగరంలో కాపురం. అక్కడి దినపత్రికలో 1900ల తొలి సంవత్సరాల్లో సీరియల్‌గా వచ్చిన నవలతో ఆవిడ పేరు నిలబడింది. ఆ నవల పేరును తెలుగు చేస్తే 'వెలుగు నీడలు' అవుతుంది. మన 1961 నాటి సినిమా గుర్తొస్తే తప్పు మీది కాదు! అప్పటికావిడకు నలభయ్యో పడి దగ్గరకొస్తోంది. మన లెక్కలో 'ఇక పిల్లల పెళ్లిళ్లు చూసుకోవాలి' అనుకునే వయసు. 1905లో కుటుంబం బెర్లిన్ చేరింది. అక్కణ్ణించి ఆ కలం ఆగలేదు.

ఎంత రాశారు? లెక్కపెట్టినవారు 208 అంటారు. అమ్ముడైన ప్రతులు ఎనిమిది కోట్ల దాకా ఉంటాయని అంచనా. ఒక్క 1920లోనే 14 నవలలు రాశారు. మనలో లెక్కలు తెలిసిన ఇంజనీర్లకు ఇది వెంటనే తడుతుంది: ఇరవై ఆరు రోజులకు ఒక నవల! అప్పుడావిడ వయసు యాభై మూడు. కంప్యూటర్ లేదు. రాసింది చెరిపి మళ్లీ అతికించే సదుపాయం లేదు. కూర్చుని రాయడమే.

ఇలా రాయడం ఎవరికైనా ఎలా సాధ్యం? మూడ్ వచ్చినప్పుడు రాస్తానని కూర్చునేవారికి ఇది సాధ్యం కాదు. ఆస్పత్రిలో ఓపీ తలుపు తెరిచాక, 'ఈ రోజు నాకు మనసు బాగోలేదు' అని డాక్టరు లేచిపోతే కుదురుతుందా? బయట బెంచీ మీద నలభై మంది ఉంటారు. సీరియల్ రాసేవారికీ అంతే. పత్రిక అచ్చు యంత్రం ఆగదు. ఈ వారం రాసింది పాఠకుల చేతిలోకి పోయాక, అయ్యో ఆ పాత్రను అలా మలచకూడదే అనుకున్నా వెనక్కి తీసుకోవడానికి లేదు. పోయిన వారం జరిగింది మరిచిపోయిన పాఠకురాలికి గుర్తు చేయాలి, ఈ వారం కొంచెం ముందుకు నడపాలి, వచ్చే వారానికి ఒక ప్రశ్న మిగల్చాలి. ఇది చేతిపని. మగ్గం మీద కూర్చున్న నేతగాడిలా రోజూ కూర్చుంటేనే పట్టుబడుతుంది. ఆ ఇంట్లో ఇద్దరు కూతుళ్లూ ఇదే పనిలోకి వచ్చారు. పెద్దమ్మాయి మార్గరేటె ఎల్జర్, రెండో అమ్మాయి ఫ్రీడె బిర్క్‌నర్ ఇద్దరూ నవలా రచయిత్రులే. రెండో అమ్మాయి కలం పేరును గమనించారా? తల్లిని చిన్నప్పుడు పెంచిన ఆ చెప్పులు కుట్టే దంపతుల ఇంటిపేరు అది.

ఇక వెక్కిరింపుల సంగతి. 1922లో హాన్స్ రైమాన్ అనే హాస్య రచయిత ఈవిడ శైలిని ఎగతాళి చేస్తూ ఒక పుస్తకమే వేశాడు. బొమ్మలు వేసింది పేరు మోసిన చిత్రకారుడు గ్రోస్. పేద పిల్ల, గొప్పింటి అబ్బాయి, మధ్యలో ఒక అపార్థం, ఒక దుష్ట బంధువు, చివర పెళ్లి – అన్ని కథలూ ఒకటే కదా అని నవ్వారు. కథలు అంతే, అందులో అబద్ధం లేదు. ఆవిడ సైతం గొప్పలు పోలేదు. తనవి ఎవరికీ హాని చేయని జానపద కథల్లాంటివనీ, చదివేవారికి నాలుగు గంటలు దిగులు లేకుండా చేయడమే తన ఉద్దేశమనీ చెప్పుకున్నారు.

ఆ దిగులు ఎలాంటిదో కూడా చూడాలి కదా! 1920 అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయిన కొత్త. దాదాపు ఇరవై లక్షల మంది జర్మన్ సైనికులు తిరిగి రాలేదు. అంటే ఎన్ని ఇళ్లలో పెళ్లి కుదిరిన పిల్ల, పెళ్లికొడుకు లేకుండా మిగిలిందో లెక్క వేసుకోండి. వెనకాలే 1923 నాటి ధరల పిచ్చి రాబోతోంది. అలాంటి దేశంలో, పెళ్లితో ముగిసే కథను ఆ పిల్ల చదువుకుంటే మనం నవ్వగలమా? ఆ రచయిత్రికి తన పాఠకురాలు బాగా తెలుసు. ఒకప్పుడు తనూ పరాయి ఇంట్లో అంట్లు తోమిన పిల్లే. నాజీల రాజ్యం వచ్చాక ఆవిడ రచన సన్నగిల్లింది. చివరి రోజులు బవేరియాలో టేగర్న్‌జే సరస్సు పక్కన గడిపి, 1950 నవంబరు 26న కన్నుమూశారు.

ఇదంతా చదువుతూంటే మీకు యద్దనపూడి సులోచనారాణి గారు గుర్తుకు రాకపోతే ఆశ్చర్యమే. 1940లో కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన అమ్మాయి, 'చిత్రనళినీయం' కథతో ఆంధ్రపత్రిక పాఠకులకు పరిచయమై, పెళ్లయి హైదరాబాదు చేరి, 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో 'సెక్రటరీ' రాసింది. తర్వాతి కథ మీకు తెలిసిందే. 'మీనా', 'జీవన తరంగాలు' 1973లో సినిమాలయ్యాయి, 'సెక్రటరీ' 1976లో అయింది. 2016లో 'అ ఆ' సినిమా వచ్చినప్పుడు, ఇది మన 'మీనా' కదా అని ముందుగా పట్టుకున్నది కూడా ఆ తరం పాఠకులే. 2018 మే నెలలో ఆవిడ కాలిఫోర్నియాలో కన్నుమూశారు. మనలాంటి ప్రవాస కుటుంబాలకు ఆ చివరి మాట కొంచెం ఎక్కువగానే తగులుతుంది.

రెండు దేశాలు, రెండు కాలాలు. కానీ దారి ఒకటే. ముందు పత్రికలో సీరియల్, తర్వాత చవక పుస్తకం, తర్వాత అద్దెకిచ్చే దుకాణం, తర్వాత సినిమా. ఇక్కడ అద్దె గ్రంథాలయాలు, మూకీ సినిమాలు. అక్కడ బజారు మలుపులో రోజుకిన్ని పైసలని అద్దెకిచ్చే పుస్తకాల షాపు, ఎమెస్కో వారి ఇంటింటి గ్రంథాలయం, గుండ్రంగా నలిగిపోయిన పేజీల మూలలు. ఆ రోజుల్లో స్త్రీల పేర్లకు ఎంత గిరాకీ అంటే, కొందరు మగ రచయితలు ఆడ పేర్లతో రాశారు! ఎగతాళి చేసిన నోటితోనే పేరు అరువు తెచ్చుకున్నారన్నమాట.

అయితే మరో పక్షం మాట కూడా వినాలి. ఆరడుగుల అందగాడు, పెద్ద కారు, పెద్ద బంగళా – ఆడపిల్ల కష్టాలకు ఇదే మందు అని చెప్పడం మంచిదా? మంచిది కాదు. ఈ విమర్శ చేసినవారిలో స్త్రీలే ఎక్కువ. వారి మాటలో నిజం ఉంది. ధనవంతుడి కోసం ఎదురుచూస్తూ కూర్చోమని నేను నా కూతురికి చెప్పను. కానీ 'సెక్రటరీ'లో జయంతిని గుర్తు తెచ్చుకోండి. పాఠకురాలి మనసులో నిలిచింది రాజశేఖరం కారు ఒక్కటే అయితే ఆ పుస్తకం ఇన్నేళ్లు బతికేది కాదు. ఉద్యోగానికి వెళ్లే మధ్యతరగతి అమ్మాయి, యజమాని ముందు తల వంచని ఆత్మాభిమానం – ఇవి కూడా నిలిచాయి. గడప దాటితే పది మంది పది మాటలనే కాలంలో ఆ అమ్మాయి రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చింది. మందులో చక్కెర ఎక్కువైందని సీసా పారేయనక్కర్లేదు. లోపల మందు కూడా ఉందేమో చూడాలి.

ఇప్పుడు మన ఇంటి విషయం. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వారికి తెలుగు నేర్పాలనగానే మనం సుమతీ శతకం తీస్తాం, ఆ పైన పెద్దల కావ్యాల పేర్లు చెబుతాం. మనం జర్మన్ ఎలా నేర్చుకున్నామో మరిచిపోయామా? గోథేతో మొదలుపెట్టినవారు పదో పేజీ దగ్గర ఆగిపోయారు. పల్చని పుస్తకాలు, చిన్న చిన్న సంభాషణలు, 'తర్వాత ఏమైంది' అనే ఆత్రం – నాలిక తిరిగింది వీటి వల్లే. మన అమ్మలు, అమ్మమ్మల్లో ఎంతమంది అయిదో తరగతితో బడి మాని, ఆ తర్వాత వారపత్రిక సీరియళ్లతోనే గడగడా చదవడం నేర్చుకున్నారో ఒకసారి అడిగి చూడండి. వారికి అది యూనివర్సిటీ. ఆ అలవాటుతోనే మనల్ని పుస్తకం ముందు కూర్చోబెట్టారు. మనం డాక్టర్లం, ఇంజనీర్లం అయ్యామంటే ఆ చదివే అలవాటుకూ అందులో వాటా ఉంది.

అందుకే సంఘ సభ్యులకు రెండు మనవులు. మన సంఘం పుస్తకాల అలమారలో ఒక అర ఈ నవలలకు కేటాయించండి, 'కాలక్షేపం' అని చీటీ అంటించకుండా. రెండోది, మన తల్లిదండ్రులు తొంభై రోజుల వీసా మీద వస్తూంటారు. వచ్చేటప్పుడు ఆవకాయ, కందిపొడి, సున్నుండలకు ఇరవై మూడు కిలోలూ చాలవు, నిజమే. అందులో అరకిలో తగ్గించి, తాము ఒకప్పుడు సీరియల్‌గా చదివిన నవల ఒక్కటి తెమ్మని చెప్పండి. ఇక్కడ పగలంతా ఏమీ తోచక కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునే అమ్మమ్మకు ఒక పని దొరుకుతుంది. రోజుకొక ప్రకరణం మనవరాలికి చదివి వినిపించమనండి. సరిగ్గా ఆత్రం పుట్టే చోట ఆపమనండి. అలా ఆపడం వారికి ఎవరూ నేర్పనక్కర్లేదు, ఏళ్ల తరబడి వారపత్రికలే నేర్పాయి. నాలుగో రోజు పిల్ల తనే పుస్తకం లాక్కుని అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెడితే, ఆ పుణ్యం కొంత కాజ ఆడపడుచుకు, కొంత నెబ్రా పనిపిల్ల లాంటివారికి దక్కుతుంది.

సభ్యులందరికీ, ముఖ్యంగా ఈ పండుగకు మన మధ్య ఉన్న అమ్మలకూ అమ్మమ్మలకూ, శుభాకాంక్షలు.